ఉష్ణమండల మేకపోతుల్లో ఆక్సీకరణ ఒత్తిడి

ఆక్సిజన్‌ను వాడుకునే ప్రతి కణంలోనూ సూపరాక్సైడ్ వంటి చురుకైన అణువులు పుడుతూనే ఉంటాయి. వాటిని అణిచే యాంటీఆక్సిడెంట్ల శక్తి చాలనప్పుడు కలిగే స్థితే ఆక్సీకరణ ఒత్తిడి. మేక ఎండకు ఓర్చే జీవమని, దానికి ఈ బెడద అంతగా ఉండదని చాలామంది అనుకుంటారు. మరాఠ్వాడాలో పుట్టి తెలంగాణ సరిహద్దు పల్లెల్లోనూ పెరిగే ఉస్మానాబాదీ జాతి మేకలు 40 డిగ్రీలు దాటిన ఎండలోనూ మేతకు పోతాయి, నిజమే. అయితే పోతు ఓర్పు వేరు, దాని వీర్యం ఓర్పు వేరు. వృషణాలు ఒంటి వేడికన్నా సుమారు 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సక్రమంగా తయారవుతాయి. అందుకే ఎండాకాలంలో వృషణాల సంచి వదులై కిందికి వేలాడుతుంది. లోపలికి వెళ్లే ధమనిని చుట్టుకున్న సిరలు ఆ రక్తాన్ని దారిలోనే చల్లారుస్తాయి. బయటి గాలి ఒంటికన్నా వేడెక్కిన రోజున ఈ ఏర్పాటు చాలదు. పైగా వీర్యకణం పొరలో తేలిగ్గా ఆక్సీకరణం చెందే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, రక్షక ఎంజైములను దాచుకునే కణద్రవ్యం బహు తక్కువ. వేడికి చురుకైన అణువులు పెరిగి ఆ పొర దెబ్బతింటే కదలిక మందగిస్తుంది. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది కాబట్టి, మే నెల ఎండ దెబ్బ జూలైలో బయటపడవచ్చు. అప్పటికి వానలు పడి, పోతు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అయినా మందలో మేకలు చూడి కట్టవు. 20, 30 మేకలకు ఒకే పోతు ఉన్న కాపరికి అది ఏడాది రాబడిని కుంగదీసే నష్టం.

వేసవిలో పచ్చిమేత కరువవుతుంది, దాంతో యాంటీఆక్సిడెంట్ అయిన విటమిన్ ఇ కూడా తగ్గుతుంది. మరి తప్పంతా వేడిదేనని ఎలా చెప్పగలమన్నది న్యాయమైన ప్రశ్నే. పొట్టేళ్లలో, ఆబోతుల్లో వృషణాల సంచికి గుడ్డ చుట్టి వేడిని నిలిపి చూసిన ప్రయోగాల్లో, మేతలో లోటు లేకపోయినా వీర్యం చెడింది. కనుక వేడి ఒక్కటే చాలు, మేత కొరత దాన్ని ముదరబెడుతుంది. రక్తంలో సూపరాక్సైడ్‌ను అణిచే ఎంజైము సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎక్కువగా ఉంటే పోతు క్షేమమనడమూ తొందరపాటే. ఒత్తిడి మొదట్లో శరీరం ఆ ఎంజైమును పెంచుకోవచ్చు, ఒత్తిడి సాగితే అది తరిగిపోవచ్చు. అందుకే కొవ్వులు చెడినప్పుడు పుట్టే మాలోన్‌డైఆల్డిహైడ్‌నూ, వీర్యం నాణ్యతనూ కలిపి చూస్తేనే అంచనా నిలుస్తుంది. మరి సెలీనియం, విటమిన్ ఇ పెడితే సరిపోదా? గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే రక్షక ఎంజైముకు సెలీనియం కావలసిందే. లోటు ఉన్నచోట వీటిని పెట్టడం మేలు చేస్తుంది. కానీ సెలీనియం మోతాదు కాస్త మించినా విషం. చురుకైన అణువులను అతిగా అణిచినా నష్టమే: అండాన్ని ఫలదీకరించే శక్తి రావడానికి వీర్యకణానికి అవి కొద్దిగా అవసరం కూడా. నీడ, చన్నీళ్లు, అవిశ, సుబాబుల్ వంటి పచ్చిమేత ముందు అందాలి. వీటి తర్వాతే మందు సీసా.