కలిసిన తరంగములను వేరుచేసిన గణితము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమిని నడిగడ్డ యందురు. గద్వాల ప్రాంతమునందలి ఇటిక్యాల ఆ నడిగడ్డలోని ఊరు. అచ్చటివారికి ఒక సంగతి చిరపరిచితము. అలంపురము దాటిన పిదప తుంగభద్ర కృష్ణలో కలియును. కలిసిన పిమ్మట ఇది తుంగభద్ర నీరు, ఇది కృష్ణ నీరు అని వేరుచేసి చూపగలవారు లేరు.

ఆ ఊరనే ఒక యింట రేడియోపెట్టె యున్నదనుకొందము. దాని ఏరియల్ తీగకు అన్ని స్టేషన్ల తరంగములును ఒక్కటిగా కలిసియే వచ్చి తగులును. అయినను మీట త్రిప్పి 738 కిలోహెర్ట్జుల కడ నిలిపినచో హైదరాబాదు, 837 కడ నిలిపినచో విజయవాడ, ఒకదానితో నొకటి కలియక వినవచ్చెడివి. నీటియందు అసాధ్యమైనది తరంగములయందు ఎట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్న వెనుక రెండు శతాబ్దముల చరిత్ర కలదు. అందు మన తెలుగునేలకును పాలు కలదు. దానినే నేడు మనవి చేయుచున్నాము.

జోసెఫ్ ఫోరియరు 1768లో ఫ్రాన్సుదేశమున ఒక దర్జీవాని యింట జన్మించెను. బాల్యముననే తలిదండ్రులను కోల్పోయెను. నెపోలియను వెంట ఈజిప్టునకు వెళ్లి వచ్చి, గ్రెనోబులున పాలనాధికారియై యుండగా, లోహములలో వేడి ఎట్లు వ్యాపించునో పరిశీలించెను. ఎట్టి వక్రరేఖనైనను సరళమైన తరంగముల మొత్తముగా వ్రాయవచ్చునని 1807లో పండితుల యెదుట ప్రతిపాదించెను. మహాగణితవేత్త లగ్రాంజి అందుకు సమ్మతింపలేదు. ఫోరియరు పట్టు విడువక 1822లో తన ఉష్ణసిద్ధాంత గ్రంథమును ప్రకటించెను.

ఆయన పద్ధతి చూపుటకు చిన్న లెక్క చాలును. ఒక కదలికలో సెకనుకు రెండుమార్లు ఊగు తరంగము మూడు పాళ్లును, ఐదుమార్లు ఊగునది ఒక పాలును కలిసియున్నవి. రెండును ఒకే క్షణమున సున్ననుండి బయలుదేరినవి. పాళ్లెన్నియో మనకు తెలియదనుకొందము. ఆ మిశ్రమమును, సెకనుకు రెండుమార్లు ఊగు ఒక పాలు తరంగముతో క్షణక్షణమును గుణించి, సెకను కాలమునకు సగటు కట్టవలెను. ఐదు ఊపుల భాగము ధనముగా ఎంత వచ్చునో ఋణముగా అంతయే వచ్చి సున్న యగును. రెండు ఊపుల భాగము మాత్రము తన సజాతితో కూడి ఒకటిన్నర సగటు నిచ్చును. దానిని రెట్టింపగా మూడు. వెదకిన పాలు దొరకినది!

ఇది మరల మరల వచ్చు కదలికల లెక్క. దీనిని ఫోరియరు శ్రేణి యందురు. చప్పట్టువలె ఒక్కమారు వచ్చి పోవుదానికి కొన్ని పౌనఃపున్యములు చాలవు. అప్పుడు సగటునకు మారుగా సమాకలనము చేసి, ప్రతి పౌనఃపున్యమునకును దాని పాలు నిర్ణయింపవలెను. అదియే ఫోరియరు పరివర్తనము. సెకనులో వెయ్యవవంతు మాత్రము ఒకే ఎత్తున నిలిచి మాయమగు సంకేతమును గ్రహింపుడు. దాని పరివర్తనము సున్న పౌనఃపున్యము కడ అత్యధికమై, క్రమముగా తగ్గి, 1000 హెర్ట్జుల కడ తొలిసారి సున్న యగును. సంకేతకాలమును సగము చేసినచో ఆ సున్న 2000 కడకు జరుగును. కాలమున ఇరుకైనది పౌనఃపున్యమున విశాలమగునన్నమాట. మెరుపు మెరిసినపుడు మధ్యతరంగములపై ఏ స్టేషను పెట్టినను చిటపటలు వినబడుటకు కారణమిదియే.

విడదీయుట తెలిసినది. విడదీసిన భాగములను కూడినచో మొదటి రూపము తప్పక తిరిగి వచ్చునా? లగ్రాంజి సందేహము నిరాధారము కాదు. తెగులేని వక్రమునకైనను ఒకానొక బిందువు కడ శ్రేణి కూడకపోవచ్చునని 1873లో డ్యూబువా రేమాండు ఉదాహరణతో చూపెను. 1900లో హంగరీ యువకుడు ఫెయేరు దారి కనుగొనెను: వరుస మొత్తములకు సగటు కట్టుచు పోయినచో అట్టి వక్రము మరల లభించును.

ఈ పునర్నిర్మాణ విద్యలో కృషిచేసినవారిలో కొమరవోలు చంద్రశేఖరన్ ఒకరు. ఆయన 1920లో మచిలీపట్నమున జన్మించెను. ప్రిన్స్‌టనులో బోక్నరుతో కలిసి ఫోరియరు పరివర్తనములపై రచించిన గ్రంథము 1949లో వెలువడెను. ఆ సంవత్సరమే బొంబాయి టాటా సంస్థలో చేరి, అచ్చటి గణితశాఖను పెంపొందించెను. 1965లో జూరిచ్చి వెళ్లెను. అదే విషయముపై మరియొక గ్రంథమును 1989లో ప్రకటించి, 2017లో దివంగతుడయ్యెను.

ఆయనతో కలిసి, మామూలుగా కూడని శ్రేణులకు విలువ కట్టు విద్యపై 1952లో గ్రంథము వెలువరించిన మీనాక్షిసుందరం 1913లో త్రిచూరున జన్మించి, వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యుడైనవాడు. ఫోరియరు విడువని ఆ ఉష్ణ సమీకరణమునే చేపట్టి, స్వీడను పండితుడు ప్లేజెలుతో 1949లో ఒక వ్యాసము ప్రకటించెను. వక్రతలము పలుకగల స్వరముల పట్టికనుండి దాని వైశాల్యము వంటి లక్షణములను రాబట్టవచ్చునని అందలి ఫలితము తెలుపును. స్వరములను విని డోలు ఆకారమును పూర్తిగా చెప్పవచ్చునా యని 1966లో మార్క్ కాట్జు అడిగెను. వేరు వేరు ఆకారములు ఒకే స్వరములు పలుకవచ్చునని 1992లో తేలినది. ఆ తీర్పు వచ్చుటకు మీనాక్షిసుందరము లేడు. 1968లోనే, అరువదియేండ్లైన నిండక మునుపే, ఆయన కన్నుమూసెను. ఆయన పేరు ప్రపంచ గణితగ్రంథములలో నిలిచియున్నది. వాల్తేరు వీధులలో దానిని ఎరిగినవారెందరు?

వేరుచేయుట నేర్చినవానికి తిరిగి కూర్చుటలోనే పరీక్ష. ఈమారు మీట త్రిప్పి ఒక గొంతును వెదకునపుడు, ఆ పరీక్షకు జీవితములను వెచ్చించిన మచిలీపట్నపు బిడ్డను, వాల్తేరు ఆచార్యుని ఒక్కక్షణము తలచుకొనుడని శ్రోతలకు మా మనవి.