సముద్రము లేని తీరము: ఇందూరు సీమ వసంత గ్రీష్మములు

వేసవి వచ్చినదనగానే కోస్తా మిత్రులకు భీమునిపట్నమో, మంగినపూడియో గుర్తుకు వస్తుంది. సముద్రమును ఎఱుగని మా ఇందూరు సీమవారికి తీరమనగా గోదావరి తీరమే. నవనాథ సిద్ధుల గుట్ట నీడలో ఉన్న మా ఆర్మూరుకు ఆ నది ఎంతో దూరములో లేదు. అయితే ఈ తీరమున వసంత గ్రీష్మములను విహారకాలముగా ఎవరూ ఎంచలేదు. తొమ్మిది నెలల పసుపు పంటకు లెక్క తేలేది ఈ ఋతువులలోనే గనుక ఆటపాటలూ, పండుగలూ, పెండ్లిండ్లూ ఆ లెక్క చుట్టూనే అల్లుకొన్నవి. ఆ ముచ్చటను క్లుప్తముగా చెప్పుటకే ఈ ప్రయత్నము.

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది రెంజల్ మండలములోని కందకుర్తి వద్ద. అక్కడ మంజీర, హరిద్ర వచ్చి దానిలో కలుస్తవి. హరిద్ర అనగా పసుపు. పసుపు పండే సీమకు గడప దగ్గఱనే పసుపు పేరుగల ఏఱు ఉండుట భాషాభిమానికి ముచ్చట గొలిపే విషయము. వానకాలమున ప్రవాహములో మునిగిపోయే పాత శివాలయము ఎండలు ముదిరిన కొలదీ బయటపడుతుంది. నీరు తగ్గినప్పుడు జనము ఇసుకలో నడచి వెళ్ళి స్వామిని దర్శించుకొంటారు.

ఫాల్గునమున మోదుగులు పూస్తవి. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి జాజిరి పాటలు పాడి, కట్టెలూ పిడకలూ పోగుచేసి కాముని దహనము చేస్తారు. మఱునాడు మోదుగుపూలు మఱిగించి తీసిన రంగు చల్లుకొనుట పాత ఆచారము. ఇప్పుడు అంగడి రంగులు ఆ చోటును ఆక్రమించినవి. బోధన్ ప్రాంతపు హున్సా గ్రామములో హోళీ సాయంత్రము జరిగే పిడిగుద్దులాట ప్రసిద్ధము. నడుమ ఒక మోకు కట్టి, ఇరుపక్షములవారు దానిని పట్టుకొని ఒకరినొకరు పిడికిళ్ళతో గుద్దుకొంటారు. ఆట ముగియగానే ఆలింగనము చేసుకొంటారు. ఇది నూఱేళ్ళకు పైబడిన ఆచారమని గ్రామస్థుల మాట. ఉగాదికి ముందు మనసులోని బాకీలను తీర్చుకొనుట వంటిదని నాకు తోస్తుంది.

ఇక పసుపు సంగతి. తొలకరిలో నాటిన పసుపును జనవరి మొదలు మార్చి వఱకు త్రవ్వుతారు. కొమ్ములను ‘కాడి’ అనీ, దుంపలను ‘మండ’ అనీ వేఱుచేసి కడాయిలలో ఉడకబెడతారు. నురుగు పొంగి, పుల్లతో గుచ్చితే సులువుగా దిగినప్పుడు ఉడికినట్టు. ఆ పిదప కళ్ళములో పది పదిహేను రోజులు ఎండవలెను. తరువాత డ్రమ్ములో త్రిప్పి మెఱుగు పెట్టవలెను. ఆవిరి బాయిలర్లు వచ్చి కడాయిలు తగ్గినవి గాని, ఎండబెట్టుటకు నేటికీ చాలమందికి సూర్యుడే దిక్కు. అందుచేత మా వసంతమున మబ్బు పట్టితే కవికి ఆనందము, రైతుకు గుండెదడ. నేను పాఠములు చెప్పిన రోజులలో పసుపు ఉడికే వారములలో హాజరుపట్టీ పలుచబడేది. వచ్చిన పిల్లల గోళ్ళు పచ్చగా ఉండేవి.

1963 జూలై 26న పోచంపాడు వద్ద ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1978లో దానికి శ్రీరామసాగరమని పేరు పెట్టినారు. 1091 అడుగుల పూర్తి మట్టముతో నీరు నిలిచేసరికి పాత ఇసుక తీరమూ, దానితోపాటు ఎన్నో ఊళ్ళూ మునిగినవి. జనము కొత్త ఊళ్ళకు తరలినారు గాని స్నానపు రేవులు తరలవు కదా! కాకతీయ కాలువ నీరు కరీంనగర్, వరంగల్ చేలకు పోయినది. ఎగువన ఉన్న మా పసుపుకు చాలవఱకు బావులూ బోర్లే ఆధారమైనవి. అప్పటినుండి మాది కదిలే తీరము. ఎండలు ముదిరిన కొలదీ నీరు వెనుకకు జరుగుతుంది, భూమి తేలుతుంది, గొఱ్ఱెల మందలు ఆ పచ్చికకు దిగుతవి. నీరు బాగా తగ్గిన ఏడు మునిగిన గుడుల గోడలు కనిపిస్తవి.

పంట అమ్ముడుపోయేది నిజామాబాదు మార్కెట్ యార్డులో. ధర నచ్చనివారు మహారాష్ట్రలోని సాంగ్లీకి తీసుకొనిపోయేవారు. డబ్బు ఉగాదికి ముందు చేతికి వచ్చిన ఇంట భక్ష్యాల వాసన. రాని ఇంట పచ్చడితోనే పండుగ. ధర పడిపోయినప్పుడు వసంతము రోడ్డెక్కినది. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు వద్ద పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు బైఠాయించినారు. ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు స్థానమునకు 185మంది పోటీపడగా, వారిలో 178మంది రైతులే. పోలింగ్ కేంద్రములలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చవలసి వచ్చినది. ఆ ఏడు శ్రీరామనవమి పందిళ్ళకన్న పెద్ద ముచ్చట అదే. వారు కోరిన పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైనది. నిజామాబాదులో దాని కార్యాలయమును జూన్ 29న తెఱచినారు. బోర్డు వచ్చినంతనే ధర వచ్చినట్టు కాదు. ఆ లెక్క ప్రతి వసంతమునా మఱల తేలవలసినదే.

వైశాఖ జ్యేష్ఠములు పెండ్లి కాలము. పెండ్లి పనులకు తొలిమెట్టు పసుపు దంచుట. కొత్త పంట కొమ్ములు రోటిలో పడతవి. ఆ రోళ్ళు పగులునన్న రోహిణి ఎండలు గడచి మృగశిర ప్రవేశించిన నాడు, తినేవారి ఇండ్లలో చేపల కూర తప్పదు. శ్రీరామసాగరపు చేపకు ఆనాడు గిరాకి. ఆ రోజులలోనే విత్తనపు పసుపు మఱల మట్టిలోనికి చేరుతుంది.

శ్రీరామసాగరమును చూడవచ్చే మిత్రులు, కాలము ఫాల్గునమైతే, జలాశయముతోపాటు ఒక పసుపు కళ్ళమును కూడా చూచి పోవలెనని నా మనవి. మీ మీ సీమలలో వసంతపు లెక్క ఏ పంటతో తేలుతుందో వ్రాసి తెలిపితే సంతోషిస్తాను.