చర్చి ఆర్గాన్ వ్యాపారంలో థియేటర్ ఆర్గాన్

చర్చి ఆర్గాన్‌కూ సినిమా హాలుకూ సంబంధమేమిటని మీకు సందేహం కలగవచ్చు. 1896లో ఇంగ్లండులోని వూస్టర్ కెథీడ్రల్‌కు ఆర్గాన్ నిర్మించిన రాబర్ట్ హోప్-జోన్స్, 1910లో అమెరికాలోని వర్లిట్జర్ కంపెనీలో చేరాడు. ఒకే పైపుల వరుసను విద్యుత్తు సాయంతో వేర్వేరు స్థాయిలలో పలికించే ఆయన పద్ధతి మూకీ చిత్రాలకు తోడుగా వాయించే థియేటర్ ఆర్గాన్లకు ఆధారమైంది. చర్చి ఆర్గాన్ నిర్మాతలు పలువురు దీన్ని చిన్నచూపు చూశారు. 1927లో ‘ది జాజ్ సింగర్’ విడుదలయ్యాక టాకీలు వ్యాపించాయి. హాళ్లలో మూగబోయిన ఆర్గాన్లలో కొన్ని చర్చిలకు చేరాయి. నేడు ప్రధానంగా చర్చిలకు డిజిటల్ ఆర్గాన్లు అమ్మే అలెన్ కంపెనీ థియేటర్ ఆర్గాన్లను కూడా తయారు చేస్తోంది. స్వరాలు పైపులలో కాక జ్ఞాపకశక్తి గల చిప్‌లలో ఉండటం వల్ల ఇది సులువైంది. ఒక వాద్యం పవిత్రమో లౌకికమో తేల్చేది దాని వాడుకేనని దీన్నిబట్టి మీరు గ్రహించగలరు.