మా పెరటి నిమ్మచెట్టు, గడప దాటని పండ్లు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరటి నిమ్మచెట్టయితే పులిహోరకే పనికిరాదని మా అత్తయ్య తీర్పు చెప్పేశారు.

లాస్ ఏంజెలెస్ దగ్గర ఈ ఇల్లు కొన్నప్పుడు పెరట్లో గోడవారగా ఒక నిమ్మచెట్టు ఉంది. మనిషెత్తు ఉంటుందేమో, అంతే. చలికాలం వచ్చేసరికి కొమ్మ కనపడకుండా కాస్తుంది. పండ్లు కోడిగుడ్డంత ఉంటాయి, పండితే ముదురు పసుపు, తొక్క నున్నగా పల్చగా ఉంటుంది. అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు సంబరపడి నాలుగు కాయలు కోసి పులిహోర కలిపారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇదేం నిమ్మకాయమ్మా, పులుపే లేదు. నిమ్మకీ కమలాకీ పుట్టినట్టుంది" అన్నారు.

ఆవిడ విసుక్కుంటూ అన్న మాట దాదాపు నిజమేనని నాకు తర్వాత తెలిసింది. దీన్ని మేయర్ నిమ్మ అంటారు. మాదీఫలానికీ, కమలా పంపరపనస కలిసిన ఇంకో పండుకీ పుట్టిన సంకరమని శాస్త్రవేత్తలు జన్యువులు పరీక్షించి తేల్చారు. మన తెనాలి, గూడూరు మార్కెట్లలో రాశులు పోసే చిన్న నిమ్మకాయ వేరే జాతి. ఆ పులుపు దీనికి రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది?

ఇంతకీ ఈ మేయర్ ఎవరు? ఫ్రాంక్ మేయర్ 1875లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడే అక్కడి బొటానికల్ గార్డెన్‌లో పనికి కుదిరి, హ్యూగో డి వ్రీస్ అనే పేరున్న వృక్షశాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకున్నాడు. 1901లో అమెరికా చేరాడు. ఆ రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖలో డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ అనే ఆయన ఒక విభాగం నడిపేవాడు. దేశదేశాలకు మనుషుల్ని పంపి, పనికొచ్చే మొక్కలూ విత్తనాలూ తెప్పించడం ఆ విభాగం పని. అలా 1905లో మేయర్‌ను చైనాకు పంపారు. నడక అంటే అతనికి ప్రాణమట. ఎండనక వాననక వందల మైళ్లు కాలినడకన తిరిగి సోయా రకాలు, పియర్ పండ్లు, రేగు జాతులు, ఇలా మొత్తం మీద సుమారు 2,500 రకాల మొక్కలు పంపాడు.

బీజింగ్ దగ్గర ఫెంగ్‌తాయ్ అనే చోట ఇళ్ల ముందు కుండీల్లో అందానికి పెంచుకుంటున్న ఒక పొట్టి నిమ్మచెట్టు అతని కంట పడింది. 1908లో అది అమెరికా చేరింది. ఆ చెట్టు కొమ్మల నుంచి అంట్లు కట్టీ కట్టీ కాలిఫోర్నియా, టెక్సాస్, ఫ్లోరిడా పెరళ్లన్నీ నింపేశారు. పల్చటి తొక్క వల్ల లారీల్లో దూరాలు పోవడానికి ఈ పండు అంతగా తట్టుకోదు. అందుకే తోటల్లో కంటే ఇళ్లలోనే ఎక్కువ పెరిగింది. మేయర్ మాత్రం ఈ వైభవం చూడలేదు. 1918 జూన్‌లో యాంగ్జీ నదిలో స్టీమర్ మీద వెళుతూ రాత్రివేళ కనపడకుండా పోయాడు. కొన్ని రోజులకు శవం దొరికింది. అప్పటికి అతనికి 42 ఏళ్లు.

ఇక్కడిదాకా చదివినప్పుడు ఎంత మంచి కథ అనుకున్నాను. తర్వాత చదివింది నన్ను కాస్త కుదిపింది.

1930లలో బ్రెజిల్, అర్జెంటీనాల్లో నారింజ తోటలు ఉన్నట్టుండి వాడిపోవడం మొదలైంది. లక్షల చెట్లు పోయాయి. ఆ తెగులుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ట్రిస్టెజా, అంటే దుఃఖం. అదే తెగులు దక్షిణ కాలిఫోర్నియా తోటల్లోనూ కనిపించింది. అది వైరస్ వల్ల వస్తుందనీ, పేనుబంక పురుగులు దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయనీ 1940లలో తేలింది. ఇంకొకటి కూడా తేలింది. చూడ్డానికి నిగనిగలాడుతూ విరగకాసే మేయర్ నిమ్మచెట్లలో చాలావాటి ఒంట్లో ఆ వైరస్ ఉంది. వాటికేమీ కాదు. పక్కనున్న నారింజ చెట్లు చస్తాయి.

ఈ వైరస్‌ను పట్టించడానికి వాళ్లు వాడిన మొక్క ఏమిటో తెలుసా? మన పుల్ల నిమ్మ జాతే. దాన్ని అక్కడ మెక్సికన్ లైమ్ అంటారు. అనుమానం ఉన్న చెట్టు నుంచి ఒక మొగ్గ తీసి నిమ్మ మొక్కకు అంటు కడితే, వైరస్ ఉంటే నిమ్మ లేతాకుల ఈనెలు పాలిపోతాయి. మేయర్ నిమ్మ దాచుకున్నది మన నిమ్మ దాచుకోలేదన్నమాట. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అత్తయ్య, "నేనానాడే చెప్పలేదూ!" అన్నారు.

తర్వాత మేయర్ నిమ్మచెట్లను చాలావరకు నరికేశారు. సొంత పెరట్లో, చేత్తో నీళ్లు పోసి పెంచుకున్న చెట్టును, ఏ రోగమూ కనపడని చెట్టును, కొట్టేయమంటే ఆ ఇల్లాళ్లకు ఎలా ఉండి ఉంటుంది? జాతి మొత్తం పోవలసిందే గానీ, 1950లలో ఒక నర్సరీవాళ్లకు వైరస్ లేని చెట్టొకటి దొరికింది. దాని సంతతినే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరీక్షించి 1975లో 'ఇంప్రూవ్డ్ మేయర్' పేరుతో విడుదల చేసింది. తర్వాతి కాలంలో బర్క్‌లీలోని షే పనీస్ లాంటి హోటళ్లవాళ్లు పెరటి చెట్ల పండ్లు తెప్పించి కేకులూ టార్టులూ చేయడంతో దానికి మళ్లీ పేరొచ్చింది. మా గోడవారనున్నది ఆ సంతతిదే.

ఈ కథంతా నేను చదవడానికి కారణం పోయిన ఏడాది మా తలుపుకు తగిలించి వెళ్లిన ఒక నోటీసు. మాకు కొన్ని వీధుల అవతల ఒక ఇంటి చెట్టుకు హువాంగ్‌లాంగ్‌బింగ్ అనే తెగులు ఉన్నట్టు తేలిందట. ఆకులు మచ్చలుగా పసుపెక్కుతాయి, కాయలు చేదుగా గిడసబారిపోతాయి, కొన్నేళ్లకు చెట్టు పోతుంది. మందు లేదు. ఫ్లోరిడాలో ఇది 2005లో బయటపడింది. అంతకు ముందు, 2003-04లో, 24 కోట్ల పెట్టెల నారింజలు పండించిన ఆ రాష్ట్రం ఇరవై ఏళ్లలో కోటి చిల్లర పెట్టెలకు పడిపోయింది. తుఫానుల దెబ్బ కొంత ఉన్నా, అసలు దెబ్బ ఈ తెగులుదే. కాలిఫోర్నియాలో దాన్ని మోసే చిన్న పురుగు 2008లో కనిపించింది. రోగమున్న మొదటి చెట్టు 2012లో హాసియెండా హైట్స్‌లో దొరికింది. అది కూడా ఏ తోటలోనో కాదు, ఒక ఇంటి పెరట్లోనే.

నోటీసులో ఉన్నది ఒకటే మాట. నిమ్మ, నారింజ జాతి పండ్లు, మొక్కలు, కరివేపాకు, ఏవీ ఇంటి ఆవరణ దాటకూడదు. పండ్లు మీ ఇంట్లోనే తినొచ్చు, వండుకోవచ్చు.

కరివేపాకు అన్నచోట నా చెయ్యి ఆగిపోయింది. ఆ పురుగుకు కరివేపాకు లేత చిగురంటే మహా ఇష్టం, అక్కడే గుడ్లు పెడుతుంది. కరివేపాకు చెట్టు పచ్చగానే ఉంటుంది. ఈ నోటీసుకు రెండేళ్ల ముందు, మా పెరటి కరివేపాకు పిలకను కుండీలో పెట్టి, కారులో ఆరు గంటలు ప్రయాణం చేసి, ఫ్రీమాంట్‌లో ఉన్న మా ఆడపడుచుకు ఇచ్చి వచ్చింది నేనే. మన తెలుగిళ్లలో ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది? అప్పటికే మా ప్రాంతం నుంచి కరివేపాకు మొక్కలు బయటకు తీసుకుపోకూడదన్న నిబంధన ఉందని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఫోన్ చేశాను. "వదినా, పచ్చగా బంగారంలా ఉంది, దీనికేం రోగం?" అంది. 1940లలో మేయర్ నిమ్మ ఉన్నవాళ్లు కూడా అదే మాట అని ఉంటారు. చివరికి తనే అక్కడి వ్యవసాయ శాఖ వాళ్లకు చెప్పింది. వాళ్లు వచ్చి ఆకులు తిరగేసి చూశారు. పురుగేమీ లేదన్నారు, కానీ మొక్కను మాత్రం తీసుకెళ్లారు. తను నన్నేమీ అనలేదు. నాకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అత్తయ్య ఈసారి వస్తూ తెనాలి నిమ్మ విత్తనాలు చీర మడతలో పెట్టి తెస్తానన్నారు. "వద్దత్తయ్యా, దయచేసి తేవద్దు" అన్నాను. విత్తనానికి కూడా ఇంత గొడవా అని నొచ్చుకున్నారు. ఇదంతా చెప్పాక ఊరుకున్నారు.

మరి ఇన్ని కాయలేం చేయాలి? మునుపు సంచిలో పోసి గేటు దగ్గర పెడితే దారిన పోయేవాళ్లు పట్టుకెళ్లేవారు. పక్కింటి పెద్దావిడకు వారం వారం ఇచ్చేదాన్ని. పండు గడప దాటకూడదు గానీ, ఇంట్లో వండిన కేకుకు ఆ అడ్డు లేదు. అలా మొదలయ్యాను. అత్తయ్య గుడ్డు తినరు కాబట్టి గుడ్డు లేకుండానే చేస్తాను.

ముప్పావు కప్పు పంచదారలో రెండు పండ్ల తొక్క తురుము వేసి వేళ్లతో బాగా నలపండి. వాసనంతా తొక్కలోని నూనెలోనే ఉంది. తురిమేటప్పుడు పసుపు పొర వరకే తురమాలి, తెల్లది వస్తే చేదు. అందులో ఒక కప్పు గట్టి పెరుగు, అర కప్పు నూనె, రెండు చెంచాల నిమ్మరసం కలపండి. ఒకటిన్నర కప్పు మైదాలో ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా సోడా, చిటికెడు ఉప్పు వేసి జల్లించి కలపండి. పెరుగులోని, నిమ్మలోని పులుపు సోడాతో కలిస్తే పొంగు వస్తుంది కాబట్టి పిండి కలిపాక ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టేయాలి. 180 డిగ్రీల వేడిలో 40 నుంచి 45 నిమిషాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు. మేయర్ కాకుండా మామూలు నిమ్మకాయలైతే రసం ఒక చెంచా చాలు, పంచదార ఇంకో పావు కప్పు వేసుకోండి.

మొన్న ఆదివారం రెండు కేకులు చేశాను. ఒకటి పక్కింటి పెద్దావిడకు ఇచ్చి, ఇన్నాళ్లూ పండ్లు ఎందుకివ్వలేదో చెప్పాను. ఆవిడ తన పెరట్లోని నారింజ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, "దీని ఆకులు కూడా ఒకసారి చూసిపెట్టు" అంది. ఇద్దరం ఒక్కో కొమ్మ వంచి చిగుళ్లు చూశాం. ఏమీ లేవు. నెలకోసారి ఇలాగే చూసుకుందామని అనుకున్నాం.

మీ ఇంటి నిమ్మచెట్టు ఆకులు తిరగేసి చూసి ఎన్నాళ్లయింది?