డోర్నకల్ జంక్షన్: రవాణా, నిత్యజీవితం, వారసత్వం

వ్యాససంగ్రహం:
డోర్నకల్ చరిత్రను ఇంతవరకు రైల్వే చరిత్రగానో, క్రైస్తవ మిషన్ చరిత్రగానో విడివిడిగా చదవడమే ఎక్కువ. ఈ రెండూ ఒకే రవాణా వ్యవస్థ చుట్టూ అల్లుకున్నాయనీ, వాటి నడుమ బతికిన శ్రామికుల భాష కూడా వారసత్వమేననీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డోర్నకల్, నిజాం రైల్వే, సింగరేణి, అజరయ్య, శ్రామిక పదజాలం.

1. ఉపోద్ఘాతం:
వారసత్వం అనగానే మహానగరాలు, వాటిలోని కోటలు, మహళ్లు గుర్తుకు రావడం సహజం. అయితే ఆ నగరాలకు బొగ్గును, మనుషులను, సరుకును చేరవేసిన జంక్షన్ పట్టణాలకూ చరిత్ర ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోను, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలోను ఉన్న డోర్నకల్ అందుకు మంచి ఉదాహరణ.

2. బొగ్గు తెచ్చిన కూడలి:
1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. నిజాం రైలుమార్గం 1886లో వరంగల్‌ను, 1889లో బెజవాడను చేరింది. ఇల్లందు గనుల నుండి వచ్చే శాఖామార్గం ప్రధాన మార్గంలో కలిసే చోటు కావడంతో డోర్నకల్ కూడలి అయింది. తరువాతి కాలంలో కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు సాగిన మార్గం ఈ ప్రాధాన్యాన్ని పెంచింది. కొత్తగూడెంలోని స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు. రాములవారి దర్శనానికి వెళ్లే యాత్రికులు అక్కడ దిగి రోడ్డు మార్గాన గోదావరి దాటాలి. బొగ్గు వచ్చిన దారినే భక్తులు ఎదురు వెళ్లారన్నమాట.

3. కూడలిలో వెలసిన పీఠం:
తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ డోర్నకల్‌ను తన కార్యక్షేత్రంగా ఎంచుకుంది. 1909లో ఇక్కడికి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పనిచేశాడు. మొదట చిన్నదిగా ఉన్న ఆయన అధ్యక్ష మండలంలో తరువాత బ్రిటిష్ పాలనలోని కృష్ణా ప్రాంతాలు కూడా చేరాయి. రెండు పాలనల కింద ఉన్న తెలుగు పల్లెలను ఒక పీఠం కిందికి తేవడానికి బెజవాడ రైలుమార్గం మీది ఊరు అనువైనదని వేరే చెప్పనక్కరలేదు.

1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కథీడ్రల్‌లో మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, దేవాలయాన్ని తలపించే స్తంభాలు ఒకేచోట కనిపిస్తాయి. నిజాం రాజ్యంలోని ఒక తెలుగు ఊరు తన చుట్టూ ఉన్న నిర్మాణ సంప్రదాయాలన్నింటినీ అందులో చూసుకోగలదు.

4. పదాల్లో దాగిన చరిత్ర:
కథీడ్రల్ రాతిలో నిలిచింది. రైలు, గని శ్రామికుల జీవితం మాత్రం ప్రధానంగా మాటల్లోనే నిలిచింది. చెరువుల సీమలోని ప్రజలు కొత్త యంత్ర నాగరికతను తమ సేద్యపు మాటలతోనే పలకరించారు. పట్టాలు మోసే మట్టిదిబ్బ చెరువుకట్ట లాగానే ‘రైలుకట్ట’ అయింది. బొగ్గుగని నీటిబావి లాగానే ‘బొగ్గుబాయి’ అయింది; అందులో పనికి వెళ్లడం ‘బాయికి పోవడం’ అయింది. గని అనే గ్రాంథిక పదం ఉన్నా, శ్రామికుడు తనకు తెలిసిన లోతుతోనే కొత్త లోతును కొలుచుకున్నాడు. మరోవైపు స్టేషను, గార్డు, సిగ్నలు వంటి మాటలు ఇంగ్లీషు నుండి యథాతథంగా వచ్చాయి. నేలకు సంబంధించినవి దేశ్యాలుగా, యాజమాన్య వ్యవస్థకు సంబంధించినవి ఎరువు మాటలుగా ఉండటం గమనార్హం. ఈ విభజన అన్నిచోట్లా కచ్చితంగా నిలవకపోవచ్చు. కానీ అధికారం ఎవరిదో, శ్రమ ఎవరిదో ఈ పదజాలం కొంతవరకైనా చెబుతుంది.

5. ముగింపు:
డోర్నకల్ వారసత్వం కథీడ్రల్ ప్రాంగణంతో ముగియదు. ఆవిరి యంత్రాల కాలంలో పనిచేసిన ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, కలాసీల తరం తరిగిపోతోంది. వారి పనిమాటలను, పనిముట్ల పేర్లను, పనివేళల జ్ఞాపకాలను సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన క్షేత్రకార్యం. కట్టడానికి మరమ్మతు చేయవచ్చు. పలికేవారు పోయిన మాటను మళ్లీ వినలేము.