వార్డెన్ సంతకం

2009 జూలైలో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం. సుమారు 14 వేల మంది పిల్లలు. వారిలో చాలామంది మన హాస్టళ్లలో చదివేవాళ్లే.

తర్వాతి నెలల్లో కొందరు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. దాన్ని మేము కాదనడం లేదు. ఈ టీకా ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. మా ప్రశ్న టీకా మీద కాదు, కాగితం మీద.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదిక ఆ కాగితాలను లెక్కబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు. తల్లిదండ్రులు ఊళ్లోనే ఉన్నారు, పోడులోనో కూలిలోనో. వార్డెన్ అంటే చాలాచోట్ల మనలాంటి ఉపాధ్యాయుడే. బియ్యం లెక్కకూ, సెలవు చీటీకీ సంతకం పెట్టే చెయ్యే దీనికీ పెట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సర్కారు వైద్యంలో నష్టం జరిగితే ఎవరిని అడగాలి? అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టనివాడు వినియోగదారుడు కాడట! అయితే సివిల్ కోర్టు తలుపు మూసుకోలేదు. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక బాలింతకు ఆపరేషన్ చేసి కడుపులో తువ్వాలు వదిలేశారు. ఆమె చనిపోయింది. పరిహారం ప్రభుత్వమే ఇవ్వాలని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1996 వచ్చింది. 33 ఏళ్లు!

అలాంటి దావాకు కాగితాలే ఆధారం. రోగి అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. మనవాళ్లేమో ఓపీ చీటీని కూడా పొయ్యిలో వేస్తారు.

ఇప్పుడు మా బడికి వైద్య బృందం వస్తుందంటే వారం ముందే ఇళ్లకు కబురు పంపుతాం. పత్రాన్ని కోయలో చదివి వినిపిస్తాం. మొన్న ఒక తల్లి, "వాళ్ల నాయన వచ్చినాక చెబుతా సారూ" అంది. ఆ పిల్ల పేరు ఎదుట గడి ఖాళీగా ఉంచాం.