తెల్లమబ్బు అంతా తుఫాను కాదు

కార్తీకం వచ్చిందంటే మన ఫోన్లలో ఒకటే ఫొటో తిరుగుతుంది: బంగాళాఖాతం మీద తెల్లటి మబ్బు ముద్ద. అది చూసి పచ్చి చేను కోయించేవాళ్లున్నారు, పట్టించుకోక పనలు చేలోనే వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఆ ఫొటో చదవడం మనుషులు ఎలా నేర్చుకున్నారో తెలిస్తే మనకూ పనికొస్తుంది.

మొదటి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1ని అమెరికా 1960 ఏప్రిల్ 1న పంపింది. ఫొటోలైతే వచ్చాయి గానీ, నడిసముద్రంలో గాలి ఎంత ఉందో మబ్బును చూసి చెప్పేదెలా? 1970ల మొదట్లో వెర్నన్ డ్వోరాక్ అనే అమెరికా శాస్త్రవేత్త దారి చూపించాడు. మబ్బు ఎంత తెల్లగా ఉందని కాదు, కేంద్రం చుట్టూ ఎంత చుట్టుకుందో కొలవమన్నాడు. ఆ కొలతతో వచ్చే అంకే టీ నంబర్, 1 నుంచి 8 దాకా. మన వాతావరణ శాఖ లెక్కలో 1.5 అంటే వాయుగుండం, 2.5 తుఫాను, 3.5 తీవ్ర తుఫాను. మామూలుగా బలపడే తుఫాను రోజుకు ఒక అంకె చొప్పున పెరుగుతుంది. అందుకే ఒక్క ఫొటో చాలదు, నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూడాలి.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేనాటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. ధ్రువాల మీదుగా తిరిగే పరాయి ఉపగ్రహం ఒక్కోటి ఒక చోటును రోజుకు రెండుసార్లే చూసేది. వేలమంది పోయారు. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి వెళ్లాక మన సముద్రాన్ని కదలకుండా చూసే కన్ను దొరికింది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను కృష్ణా డెల్టాను తాకితే, ముందే లక్షమందికి పైగా ఖాళీ చేయించారు. ఈసారి పోయినవాళ్లు వెయ్యి లోపే. ఉపగ్రహంతో పాటు తీరంలోని రాడార్లు, తుఫాను షెల్టర్లూ కాపాడాయి.

ఇక మీ ఫోన్‌లో ఫొటో వస్తే ఇవి చూడండి. మబ్బు చెల్లాచెదురుగా ఉందా, కామాలా వంపు తిరుగుతోందా? ఒక రోజంతా నిలిచిందా? మబ్బంతా కేంద్రానికి ఒక పక్కకే తోసేసినట్టుంటే పైగాలులు దాన్ని చెదరగొడుతున్నట్టే, బలపడటం కష్టం. ఎర్రరంగు వేసిన ఫొటోలు చూసి బెదరొద్దు. అది మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చెప్పే రంగు, గాలి వేగం కాదు.

చివరి మాట వాతావరణ శాఖ బులెటిన్‌దే. ఫొటో చూసి పాలు తాగని గింజను కోయకండి. కోసిన పనలుంటే మాత్రం హెచ్చరిక రాగానే కుప్ప వేసేయండి. తుఫాను రాకపోతే పోయేది ఒక రోజు కూలి, వస్తే నిలిచేది ఏడాది పంట.